కృష్ణాతీరమున చెక్కుడువిద్య

విద్య యనగానే మనకు పుస్తకము జ్ఞప్తికి వచ్చును. విద్వాంసుడనగానే పుస్తకము చదివినవాడు జ్ఞప్తికి వచ్చును. ఇరువది సంవత్సరములుగా బడిపంతులుగా నున్న నేనును ఈ తలంపుతోనే కాలము గడపితిని. నావలన జరిగిన యొక యపరాధము నన్ను వేఱువిధముగా నాలోచింపజేసినది. దానిని దాచక మొట్టమొదటనే చెప్పుకొందును.

నా యేడవ తరగతిలో పెడననుండి వచ్చు బాలుడొకడుండెను. లెక్కలలో వెనుకబడినవాడు. ఒకనాడు నేను పాఠము చెప్పుచుండగా వాడు తలవంచుకొని కంపాసు మొనతో బల్లమీద నేదియో గీయుచుండెను. దగ్గరకు పోయి చూచితిని. ఒక మామిడిపిందె, దానిలోపల సన్నని తీగె, తీగె కిరువైపుల ఆకులు. బల్ల పాడుచేసితివని కోపించి వానిని బెంచీమీద నిలువబెట్టితిని. అంతటితో పోనీయక, "చదువు రానివానికి చెక్కుడుపనియే గతి" యని పదిమంది యెదుట నంటిని. వాడు ఏడువలేదు. మఱునాటినుండి బడికి రాలేదు.

వారము దినములు చూచి, ఆదివారమున వాని యిల్లు వెదకికొనుచు పెడన పోయితిని. పెడన బందరునకు కొలదిమైళ్ల దూరమున నున్న యూరు. నేతకును అద్దకమునకును పేరు పొందినది. దారిప్రక్కను ఎఱుపు, నలుపు, ముదురుపసుపు రంగుల బట్టలు ఆరవేసియుండెను. బాలుని తాత, డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుడు, వసారాలో కూర్చుండి టేకుదిమ్మెను చెక్కుచుండెను. నన్ను చూచి లేచి, కుర్చీ తెప్పించి వేయించెను.

"కూర్చోండి మేష్టారూ. మావాడు బల్ల పాడుచేశాడంట. తప్పేనండి. అయితే వాడు గీసిన ఆకు ఎటు తిరిగి ఉందో తమరు చూశారా?"

నేను చూడలేదంటిని.

"నాకు నేలమీద గీసి చూపించాడండి. ఎడమకు తిప్పి గీశాడు, గుడ్డమీద కుడికి పడాలని. నేను చెప్పలేదు. వాడికే తోచింది."

నాకు మాట తోచలేదు. కొంతసేపటికి, ఈ పని యెన్నియేండ్లలో వచ్చునని యడిగితిని. వృద్ధుడు ఉలిని ప్రక్కనబెట్టి చిన్నగా నవ్వెను. "ఉలి పట్టడం రెండేళ్లకు వచ్చిందండి. ఎక్కడ ఆపాలో ఇంకా వస్తూనే ఉంది."

ఈ మాట నన్ను వదలలేదు. అప్పటినుండి సెలవుదినములలో పెడన పోయి చూచినదియు, మన సీమ చరిత్రలో చదివినదియు గలిపి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

అద్దకపుటచ్చు చూచుటకు చిన్న పీటవలె నుండును. బాగుగా నెండిన టేకుదిమ్మెను తగిన మందమున కోసి, చిత్రికపట్టి, ఇసుకతో రుద్ది, ముఖమును చదునుచేయుదురు. దానికి తెల్లని పూత పూసి చిత్తరువును దానిపై దింపుదురు. పిమ్మట గీత నిలుచునట్లును, తక్కిన కొయ్య పోవునట్లును చెక్కుదురు. లోతైన చోటులకు బరమా, పెద్ద వంపులకు వెడల్పుటులి, మూలలకు సూదివంటి యులి. ముగిసిన యచ్చును నూనెలో నానవేయుదురు. నూనె త్రాగిన కొయ్య నీటిరంగునకు బీటలువాఱదు.

ఇది పని. ఇక చదువు దీనివెనుక నున్నది. అచ్చుపై నున్నది బట్టపై తిరుగబడును. కావున చెక్కువాడు అద్దములోని లోకమును చూడ నేర్వవలెను. గీత గోడవలె నిలుచును. ఆ గోడ మొదట వెడల్పుగాను చివర సన్నముగాను ఉండవలెను. మిక్కిలి నిట్రముగా చెక్కినచో వందలమాఱులు అద్దులోపల విఱిగిపోవును. మిక్కిలి వాలుగా చెక్కినచో అచ్చు అఱిగినకొలది గీత లావెక్కును. లోతు చాలకున్న రంగు అడుగున నిలిచి బట్టపై మరకపడును. లోతెక్కువైన గోడ బలహీనమగును. కొయ్యలో నార ఎటు నడచుచున్నదో చూడక చెక్కినచో నాకు కొన యూడి వచ్చును. అచ్చు ఎడమయంచు కుడియంచుతోను, పైయంచు క్రిందియంచుతోను కలియవలెను. వెండ్రుకవాసి తప్పినను పది గజముల బట్టలో ఆ తప్పు వందసారులు కనబడును. ఇన్నియును ఒక్క యచ్చు సంగతి. రేఖలకు ఒక యచ్చు, ఒక్కొక్క రంగు నింపుటకు వేఱొక యచ్చు కావలెను. అవి యన్నియు ఒకదానిపై నొకటి సరిగా కూర్చుండవలెను.

ఇంతటితోనైనను ముగియదు. బట్టను కరక్కాయ కషాయములోను పాలలోను ముంచి యెండబెట్టుదురు. పాలవలన రంగు ప్రాకదు. ఇనుమును బెల్లపునీటిలో నానవేసి చేసిన కషాయము నల్లని గీత నిచ్చును. పటిక అద్దినచోట చిరివేరు మొదలగువాని యెఱుపు పట్టును. ఈ ద్రవము కొంచెము పలుచనైనను గీత వెడల్పగును. ఆ వెడల్పును ముందే లెక్కించి చెక్కువాడు గీతను సన్నము చేయును. అనగా ఉలి పట్టినవాడు కొయ్యతోపాటు రంగును, నీటిని, ఎండను, అద్దువాని చేతిబరువును ఎఱిగియుండవలెను. ఆ తాత తాను చెక్కిన యచ్చు అద్దకపుబల్లమీద ఎట్లు పనిచేయుచున్నదో చూచుటకు ఇప్పటికిని పోవుచుండును. "అచ్చు చెక్కినప్పుడు పరీక్ష రాసినట్టండి. గుడ్డ ఉతికిన తర్వాతే మార్కులు" అని ఆయన మాట. మన బడులలో పరీక్ష సంవత్సరమున కొకమాఱు. ఆయనకు ప్రతి యచ్చునకును పరీక్షయే. ఆయన చదువు ముగియకుండుటకు ఇదియే కారణము.

ఈ చెక్కుడు మన సీమకు క్రొత్తది కాదు. దివిసీమలోని ఘంటసాల క్రీస్తుశకారంభ శతాబ్దులలో రేవుపట్టణము. రెండవ శతాబ్దిలో టాలమీ అను గ్రీకు భూగోళకారుడు పేర్కొన్న కంటకస్సుల యనునది ఇదియేయని పండితుల యభిప్రాయము. అచటి బౌద్ధస్తూపపు రాళ్లపై ప్రాకృతశాసనములు చెక్కబడినవి. వానిలో శివకుడను మహానావికుని పేరు కలదు. ఆ స్తూపపు శిల్పములలో కొన్ని నేడు పారిసునగరమున గీమే ప్రదర్శనశాలలో నున్నవి. గుడివాడలోను బౌద్ధస్తూపముండెను. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపములను గూర్చి అలెగ్జాండరు రీ వ్రాసిన గ్రంథము 1894లో వెలువడినది.

ఆ కాలపు శాతవాహనుల నాణెములను చూడుడు. కొన్ని సీసపు నాణెములపై రెండు స్తంభముల యోడ యుండును. చుట్టును రాజు పేరుండును. నాణెముపై అక్షరము సరిగా పడవలెనన్న ముద్రలో దానిని తిరుగవేసి చెక్కవలెను. ఓడ ఉబ్బుగా కనబడవలెనన్న ముద్రలో గుంటగా త్రవ్వవలెను. నేడు బందరు చిలకలపూడిలో బంగారుపూత నగలకు చేయు అచ్చులలోను సూత్రమిదియే. నా బడిలో బల్లపై ఎడమకు తిరిగిన ఆకు కొంతకాలముగా నడచివచ్చుచున్న విద్యలోని తుదియాకు గాని, చెడ్డపిల్లవాని చేష్ట కాదు.

చదువుకొన్నవారమైన మన పూర్వులును ఒకవిధమున చెక్కుడువారే. సంస్కృతమున 'లిఖ్' ధాతువునకు గీఱుట యను నర్థము కలదు. ఆంగ్లమున 'రైట్' అను మాటకును పూర్వార్థము గీఱుటయే. మన తాతలు తాటాకుపై ఘంటముతో గీఱి, మసి పూసి, తుడిచి చదివిరి. ఆకు చినుగకుండ గీత ఎంత లోతు దిగవలెనో వారి వ్రేళ్లకు తెలియును. ఘంటము పోయి కలము వచ్చినపిదప మనము ఆ చుట్టఱికమును మఱచితిమి.

మఱచుట అంతకు ముందే మొదలైనదేమో యనిపించును. వేంగీచాళుక్యుడైన రాజరాజనరేంద్రుడు నారాయణభట్టునకు అగ్రహార మిచ్చిన నందంపూడి తామ్రశాసనము 1053 నాటిది. దాని చివర ఇరువురి పేరులున్నవి. శాసనమును రచించినవాడు నన్నయభట్టు; లేఖకుడు గండాచార్యుడు. నన్నయ పేరు ఎఱుగని తెలుగుబాలుడు లేడు. రాగిరేకుపై ఆ మాటలను నిలిపిన గండాచార్యుని పేరు తెలిసినవారెందఱు? నేనును ఏటేట నన్నయను గూర్చి పాఠము చెప్పుదును. ఒక్కనాడైనను రెండవ పేరు పలుకలేదు. శాసనము ఇరువురిని ఒక్క రేకుపై నుంచినది. వేఱుచేసినవారము మనము.

రాయియు రాగియు నిలిచినవి గనుక ఇంతైనను తెలియుచున్నది. కొయ్యకు ఆ భాగ్యము లేదు. అచ్చు అఱిగినపిదప పొయ్యిలోనికి పోవును. కావున బందరు అచ్చుల చరిత్రను బట్టలయందును, వర్తకుల వ్రాతలయందును వెదకవలెను. బందరు గోలకొండ సుల్తానుల ముఖ్యమైన రేవు. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను ఇచట వర్తకస్థానము లేర్పఱచుకొనిరి. ఆ శతాబ్దిలో బందరున నుండిన విలియం మెత్వోల్డు అను ఆంగ్లవర్తకుడు గోలకొండరాజ్యమును వర్ణించుచు చిరివేరు నిచ్చు ఎఱుపును మెచ్చి వ్రాసెను. పారసీకదేశమునకు ఇచటినుండి బట్టలు మెండుగా పోయెడివి. కలంకారీ యను పేరే పారసీక పదము. కలముతో వ్రాయుటయు, అచ్చుతో అద్దుటయు రెండును ఈ తీరమున వర్ధిల్లినవి.

ఐరోపావారు ఈ బట్టలను ఎంత మోజుతో కట్టిరనగా, అచటి నేతగాండ్రు తమ పని పోవుచున్నదని గోలపెట్టిరి. ఫ్రాన్సు 1686లో వీనిని నిషేధించినది. ఇంగ్లాండు 1700లో రంగుబట్టల దిగుమతిని, 1721లో వాని వాడుకనే నిషేధించినది. పిమ్మట 1783లో థామస్ బెల్ అనువాడు రాగిరూళ్లతో బట్టపై అచ్చువేయు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. విచారింపదగిన దేమనగా, ఆ రూళ్లపై చిత్తరువులను మొదట చెక్కినవారును చేతిపనివారే. చేతిని చేయి ఓడింపలేదు. ఒక్కమాఱు చెక్కినదానిని వేల గజములు అచ్చువేయు యంత్రమును, దానికి దన్నుగా నిలిచిన రాజ్యమును ఓడించినవి.

దానికి తోడు దైవము ననుకూలింపలేదు. 1864 నవంబరు 1వ తేది రాత్రి బందరుపై విఱుచుకొనిపడిన ఉప్పెనలో దాదాపు ముప్పదివేలమంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మన తరమువారి యిండ్లలో నింకను చెప్పుకొను దుఃఖమే. ఉప్పెనలో పోయినది ప్రాణములే కావు. పనివాడు పోయినచోట అతడు చెప్పవలసిన పాఠమును పోవును. పుస్తకము తడిసినచో మఱియొక ప్రతి దొరకవచ్చును. చేతిలోని విద్యకు మాఱుప్రతి శిష్యుడొక్కడే.

స్వాతంత్ర్యము వచ్చినపిదప, 1952లో ఏర్పడిన అఖిలభారత హస్తకళామండలికి అధ్యక్షురాలైన కమలాదేవీ చట్టోపాధ్యాయ మొదలైనవారి పూనికచే కలంకారీకి మరల ప్రాణము వచ్చినది. పారసీకపు దుప్పటులు చెక్కిన చేతులు చీరలకును, గుమ్మపుతెరలకును అచ్చులు చెక్క నేర్చినవి. ఈ నేర్చుటయే విద్య సజీవముగా నుండుటకు గుఱుతు. పాత చిత్తరువునే తిరిగి తిరిగి చెక్కువాడు పనివాడగును గాని, క్రొత్తదానికి చేయి తిప్పుకొనువాడే విద్వాంసుడు.

ఇప్పటి యాపద వేఱు. తెరముద్రతోను మిల్లుయంత్రముతోను వేసిన బట్టలు కలంకారీ పేరునే అంగళ్లలో చవుకగా అమ్ముడుపోవుచున్నవి. కొనువారు చాలవఱకు గృహిణులు గావున వారికొక మాట. బట్టను వెలుతురులో పఱచి చూడుడు. ఒక అచ్చునకు మఱియొక అచ్చు కలియుచోట సన్నని తేడా యుండును. ఒక పువ్వున రంగు కొంచెము నిండుగా, ఒకదానిలో కొంచెము పలుచగా నుండును. అంతట నొక్కతీరుగా నున్నచో యంత్రముపని యని యనుమానింపవలెను. చవుకబట్ట కొనుట తప్పు కాదు; ఒకదాని పేరుతో మఱియొకటి కొనకుండుట మన వివేకము.

ఇక సంస్కరణ మాట. చేతిపని కులమును బట్టియే యబ్బునను తలంపును నేను సమర్థింపను. ఆడుపిల్లలకు ఈ విద్య చెప్పరాదనుటకును నాకు కారణము కనబడదు. పసివానిని బడి మాన్పించి పనిలో కూర్చుండబెట్టుటయు నేను సమ్మతింపను. ఆఱునుండి పదునాలుగేండ్లవఱకు ఉచిత నిర్బంధవిద్య బాలుర హక్కని 2009 నాటి చట్టము చెప్పుచున్నది, అది న్యాయము. ఆ తాతయు దానికి విరోధి కాడు. "చదువు మానిపించనండి. చదువుకున్నాక వీడు ఉలి ముట్టుకోడానికి సిగ్గుపడతాడేమోనని, అదొక్కటే నా బెంగ" అనెను.

ఆ సిగ్గును నేర్పుచున్నది ఎవరు? నావంటివారమే. మనము బాలునకు అక్షరములతోపాటు, అక్షరములు లేని విద్య తక్కువదను భావమునుకూడ తెలియకుండ నేర్పుచున్నాము. మొదటిది వరము, రెండవది శాపము. బందరునందే 1910లో కోపల్లె హనుమంతరావుగారు స్థాపించిన ఆంధ్రజాతీయకళాశాల చదువును, చేతిపనిని ఒక్క కప్పు క్రిందికి తెచ్చినది. అచట ప్రమోదకుమార చటర్జీగారి యొద్ద అడివి బాపిరాజుగారు చిత్రలేఖనము నభ్యసించిరి. 1937లో గాంధీమహాత్ముడు వార్ధాలో ప్రతిపాదించిన మూలవిద్యయు చేతిపనినే చదువునకు మూలముగా నెంచినది. ఇవి మన యెదుటనున్న దృష్టాంతములు. వానిని కొనియాడుటలో మనము వెనుకబడలేదు, అనుసరించుటలో వెనుకబడితిమి.

ఆ మఱుసటి సోమవారమున బాలుడు తరగతికి వచ్చెను. ఎవరి యెదుట వానిని నిందించితినో వారి యెదుటనే నా మాట తప్పని ఒప్పుకొంటిని. ఒప్పుకొనుట నేననుకొన్నదానికన్న కష్టముగా నుండెను. తరువాత, రేఖాగణితములో ప్రతిబింబముల పాఠము వచ్చినప్పుడు, పాఠము చెప్పుమని వానికే సుద్ద యిచ్చితిని. వాడు నల్లబల్లపై మామిడిపిందెను రెండు విధముల గీసి, ఏది అచ్చునకో ఏది గుడ్డకో చెప్పుమని తోడి విద్యార్థుల నడిగెను. తరగతిలో మొదటి మార్కులవాడు తప్పు చెప్పెను. నేనును ఒక క్షణము తడబడితిని.

ఇందుమూలమున వాడు లెక్కలలో మొదటివాడయ్యెనని చెప్పను. వాడిప్పటికిని వెనుకబడియే యున్నాడు. పెద్దవాడైనపిదప ఉలి పట్టునో, పట్నముపోయి వేఱొక ఉద్యోగము చూచుకొనునో నాకు తెలియదు. అది వాని యిష్టము. పట్టకపోయినను సిగ్గుచే పట్టకుండుట మాత్రము జరుగరాదు. అంతవఱకు నా పూచీ.

బల్లను చిత్రికపట్టించి నునుపు చేయింతమా యని నౌకరు మొన్న నడిగెను. వలదంటిని. ఆ పిందెలో తీగె చివరి యాకు ఒకటి సగముననే యాగిపోయినది. నేను కోపముతో దగ్గరకు వచ్చినప్పుడు వాని చేయి ఆగిన చోటది. ఎక్కడ ఆపవలెనో నేర్చుకొనవలసినవాడు ఆనాడు వాడు కాడు.